పాండా గారి జమాఖర్చులు

పాండా గారు పుట్టుకతోనే పొదుపరి. 1961లో స్విట్జర్లాండ్‌లో కొందరు దొరలూ శాస్త్రవేత్తలూ వ్యాపారులూ చేరి అడవి జంతువులను కాపాడడానికి ఒక ధర్మసంస్థ పెట్టారు. ముద్ర కోసం ఏ జంతువును తీసుకోవాలా అని ఆలోచిస్తే లండన్ జూలో ఉన్న చీ-చీ అనే పాండా గుర్తుకొచ్చింది. పేరు చూసి మొహం చిట్లించకండి, అది చైనా పేరు. ముద్దొచ్చే ఆకారం, కళ్ళ చుట్టూ నల్లటి విచారం. చూసినవాళ్ళ చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. వీటన్నిటినీ మించిన సుగుణం మరొకటి ఉంది: ఒళ్ళంతా తెలుపూ నలుపే కాబట్టి రంగుల అచ్చు ఖర్చు కలిసొస్తుంది. ముద్రను తీర్చిదిద్దిన సర్ పీటర్ స్కాట్ ఈ సంగతి దాచుకోలేదు, బాహాటంగానే చెప్పాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే ఆ ప్రపంచ సంస్థ ఆనాడు రంగుల మీద మిగిల్చిన సొమ్మును ఈనాటి వార్షిక నివేదికల మీద వడ్డీతో సహా ఖర్చుపెడుతోంది. పుటకో పులి, పుటకో చిరునవ్వుల గిరిజన బాలిక, మధ్యమధ్య మంచులో ఒంటరి ఎలుగుబంటి. ఆఖర్న, కంటికి ఆనని అక్షరాల్లో, లెక్కలు.

1990ల్లో మన పిల్లలకు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంటే పాండా కాదు. హల్క్ హోగన్, అండర్‌టేకర్. బడి వెనకాల ఆ కుస్తీవీరుల కార్డులు పెట్టి ఆడనివాడు, మాస్టారికి దొరికిపోయి పోగొట్టుకోనివాడు అరుదు. ఒకే పేరు ఇద్దరికి ఎలా కుదురుతుందని పాండా గారు లండన్ కోర్టుకెక్కారు. గెలిచారు కూడా. నిలువెత్తు మల్లయోధులు 2002లో పేరు మార్చుకుని డబ్ల్యూడబ్ల్యూఈ అయిపోయారు. కుర్చీలతో బల్లలతో కొట్టుకున్నా లొంగని మనుషులు వకీలు నోటీసుకు లొంగారు. ఈ కథ ఎందుకంటే, పాండా గారు చూడడానికే మెత్తన. పేరు జోలికొస్తే మాత్రం ఎంతటివాణ్ణయినా బరిలో పడగొడతారు. ఆయన ఆస్తుల్లో అన్నిటికన్నా విలువైనది ఆ పేరే. కింద చెప్పబోయే జమాఖర్చులన్నీ దాన్ని కాపాడుకోవడానికి రాసినవే.

లెక్కల పుట తెరవగానే గుండ్రటి పటం ఒకటి కనబడుతుంది. దాంట్లో పెద్ద ముక్క పచ్చరంగుది. ఖర్చుపెట్టిన ప్రతి 100 డాలర్లలో దాదాపు 85 సంరక్షణకే పోతున్నాయని అమెరికా శాఖ ఏటా చాటుతుంది. మిగిలిన 15లో చందాల వసూలు, ఆఫీసు నిర్వహణ. చదివితే కళ్ళు చెమర్చుతాయి. మన వీధి వినాయకుడి చందాల కమిటీ సైతం ఇంత నిష్ఠగా ఉండదు.

అయితే ఆ పచ్చముక్కను కాస్త తరిచి చూడాలి. దాంట్లో అడవిలో జరిగే పని ఉంది, పక్కనే ‘ప్రజా విజ్ఞానం’ అని మరో పద్దు ఉంది. అదేమీ చిన్నది కాదు. విజ్ఞానం అంటే పలకా బలపం అనుకునేరు. అమెరికాలో ధర్మసంస్థల ఖాతాలకు 1998 నాటి నియమం ఒకటి ఉంది. చందా అడుగుతూ ఇంటింటికీ పంపే ఉత్తరంలో, చందాతోపాటు చదివేవాళ్ళు చేయవలసిన మంచిపని ఏదైనా ఉంటే, దాని ఉద్దేశమూ పంపిన ఇళ్ళూ విషయమూ నియమాలకు సరిపోతే, ఖర్చును రెండుగా చీల్చుకోవచ్చు. ‘పులి చచ్చిపోతోంది, డబ్బు పంపండి’ అని రాస్తే అది వసూళ్ళ ఖర్చు. ‘పులి చచ్చిపోతోంది, మీ ప్రతినిధికి ఉత్తరం రాయండి, డబ్బూ పంపండి’ అంటే అందులో కొంత సంరక్షణ. తపాలా బిళ్ళ ఒకటే, కవరు ఒకటే, మధ్యలో ఒక్క వాక్యం పడగానే ఖర్చు పుణ్యలోకానికి చేరింది. టీవీలూ పత్రికలూ ఉచితంగా ఇచ్చే ప్రకటన సమయానికి, స్థలానికి బజారు ధర కట్టి ఒకసారి విరాళంగానూ ఇంకోసారి కార్యక్రమం ఖర్చుగానూ రాసుకునే వెసులుబాటు కూడా ఉంది. ఒక్క రూపాయి చేతులు మారదు, అయినా జమా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది, పచ్చముక్క వెడల్పూ పెరుగుతుంది.

ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదని మనవి. ఆడిటరు సంతకం ఉంది, నియమం నంబరు ఉంది, దాచిందేమీ లేదు. చందా ఇచ్చే పంతులమ్మ మాత్రం తన వందలో 85 అడవికి చేరిందని అనుకుంటుంది. దాంట్లో కొంత ఆమె ఇంటికే ఉత్తరమై వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పరు. ఆ ఉత్తరం చదివి ఆమె విజ్ఞానవంతురాలైంది కాబట్టి సంరక్షణ జరిగినట్టే.

ఆఫీసు ఖర్చు మాటకొస్తే, దానికి పాండా గారి పెద్దలు 1970ల మొదట్లోనే మందు కనిపెట్టారు. కనిపెట్టింది దక్షిణాఫ్రికా సిగరెట్ల సామ్రాట్టు ఆంటన్ రూపర్ట్. వెయ్యిమంది కుబేరుల్ని పోగెయ్యాలి, మనిషికి 10,000 డాలర్లు తీసుకోవాలి, ఆ నిధి మీద వచ్చే రాబడితో ప్రధాన కార్యాలయం నడపాలి. అప్పుడు బీదాబిక్కీతో, ‘మీ చందా పైసా తరగకుండా జంతువులకే పోతుంది’ అని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పొచ్చు. వెయ్యిమందికీ అధిపతిగా నెదర్లాండ్స్ రాకుమారుడు బెర్న్‌హార్డ్ కలిసి 1001 అయ్యారు. క్లబ్బు పేరూ అదే, 1001. అరేబియా కథల్లో రాత్రులు కూడా అన్నే. ఇక్కడా కథలు చాలానే ఉన్నాయి గానీ చెప్పే షెహరాజాద్ లేదు, ఎందుకంటే సభ్యుల పేర్లు గోప్యం. పత్రికల చేతికి చిక్కిన పాత జాబితాల్లో కాంగోను మూడు దశాబ్దాలు దోచుకున్న మొబుటు సెసె సెకో ఉన్నాడు, 1991లో కుప్పకూలిన బీసీసీఐ బ్యాంకు స్థాపకుడు ఆగా హసన్ అబేదీ ఉన్నాడు. అంతరించిపోతున్న జాతుల జాబితా లోకానికంతటికీ బహిరంగం. అంతరించని ఈ జాతి జాబితా మాత్రం బీరువాలో భద్రం.

ఈ సంప్రదాయం ఇప్పుడు చట్టంలోనూ ఉంది. అమెరికాలో ధర్మసంస్థలు ఏటా పన్నుల శాఖకు దాఖలు చేసే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు. పెద్ద ఉద్యోగుల జీతాలు దాంట్లో డాలర్లతో సహా ఉంటాయి. పెద్ద దాతల పేర్లు రాసే షెడ్యూల్ బి అనే అనుబంధం కూడా పన్నుల శాఖకు వెళుతుంది. జనం చేతికొచ్చే ప్రతిలో ఆ పేర్లు ఉండవు. జీతం తీసుకున్నవాడి పేరు ఊరందరికీ తెలియాలి, జీతం ఇప్పించినవాడి పేరు దేవుడికొక్కడికే తెలియాలి. గుప్తదానం మహాపుణ్యమని మనవాళ్ళూ అన్నారు కదా.

అధ్యక్షపీఠం చరిత్ర ఇంకా కమ్మగా ఉంటుంది. మొదటి అంతర్జాతీయ అధ్యక్షుడు ఈ బెర్న్‌హార్డే. 1976లో లాక్‌హీడ్ విమానాల కంపెనీ నుంచి 11 లక్షల డాలర్ల ముడుపుల వ్యవహారం బయటపడి దిగిపోయాడు. కళంకం కడగడానికి కొత్త అధ్యక్షుడు కావాలి. ఎవరు తగినవారు? షెల్ చమురు కంపెనీని నడిపిన జాన్ లౌడన్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన తరవాత 1981 నుంచి 1996 దాకా బ్రిటన్ రాణి భర్త ఫిలిప్. ఈయన సంస్థ పుట్టిన 1961లోనే, జనవరిలో, రాణితోపాటు మన దేశం వచ్చి జైపూర్ మహారాజు అతిథిగా రణథంభోర్‌లో పులిని కాల్చాడు. కొన్ని నెలలు తిరగకుండానే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బ్రిటన్ శాఖకు అధ్యక్షుడయ్యాడు. పులుల గురించి ఆయనకు అతిదగ్గరి పరిచయం ఉందని ఒప్పుకోక తప్పదు. స్పెయిన్ శాఖకు గౌరవాధ్యక్షుడైన రాజు హువాన్ కార్లోస్ 2012లో బోట్స్‌వానా వెళ్ళి ఏనుగుల వేటలో తుంటి విరగ్గొట్టుకున్నాడు. లేకపోతే ఆ వేట సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ జూలైలో సభ్యులు ఓటేసి పదవినే రద్దు చేశారు, 226కు 13. ఆ 13 మంది ఎవరో గానీ, రాజభక్తి అంటే అదీ.

కంపెనీల సంగతి క్లుప్తంగా. 2007లో కోకా-కోలా నదుల రక్షణకు 2 కోట్ల డాలర్లు ప్రకటించి పాండాతో చెయ్యి కలిపింది. సభ బీజింగ్‌లో, అంటే పాండా గారి పుట్టింట్లోనే జరిగింది. వాడుకున్న ప్రతి నీటిబొట్టునూ ప్రకృతికి తిరిగిస్తామని కంపెనీ పెద్దలు మాటిచ్చారు. కేరళలో ప్లాచిమడ జనం బావులు ఎండిపోయాయని గొడవచేసి అదే కంపెనీ ఫ్యాక్టరీని మూయించింది 2004లో. తిరిగిచ్చే బొట్టు ఏ ఊరికి, ఏ బావికి అన్నది ఏ పద్దులోనూ కనబడలేదు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ శాఖ మరో అడుగు ముందుకేసి జంతువుల పేరిట ఎన్‌ఎఫ్‌టీలు అమ్మింది. లేని వస్తువును ఉన్నట్టు అమ్మే ఆ కంప్యూటర్ బజారు కరెంటు తినేస్తోందని పర్యావరణవాదులే మొత్తుకుంటున్న కాలమది. తిట్లవాన కురిసింది, రోజుల్లోనే దుకాణం కట్టేశారు. లేని జంతువుల్ని కూడా అమ్మే రోజు వచ్చేదాకా పాండా గారు ఆగలేకపోయారు, పాపం.

ఆయన ఒక్కడి మీదే పడటం అన్యాయం. అమెరికాలో ఇంకా పెద్ద ఆసామీ ఉన్నాడు, ది నేచర్ కన్సర్వెన్సీ అని, 1951లో పుట్టాడు. 1995లో మొబిల్ చమురు కంపెనీ టెక్సస్ గడ్డిభూమి ఒకటి దానమిచ్చింది. అట్వాటర్ అనే అరుదైన గడ్డికోడికి మిగిలిన ఆఖరి ఇళ్ళలో అదొకటి. కన్సర్వెన్సీ ఆ కోడిని ఎలా కాపాడిందంటే, 1999లో అక్కడ గ్యాస్ బావి తవ్వించింది. రాబడితో ఇంకోచోట ఇంకో కోడిని కాపాడాలని కాబోలు. 2003లో వాషింగ్టన్ పోస్ట్ ఈ గుట్టు విప్పాక సెనేట్ విచారణ జరిగింది. కోళ్ళు మాత్రం విచారణ ముగిసేదాకా ఆగలేదు, 2012కల్లా ఆ గడ్డిలో ఒక్కటీ లేదు. 2020లో బ్లూమ్‌బర్గ్ మరో మాట బయటపెట్టింది. ఈ సంస్థ కార్బన్ క్రెడిట్ల పేరుతో అమ్మిన అడవుల్లో కొన్నిటిని కొట్టే ఉద్దేశం ఎవరికీ ఎన్నడూ లేదట. ఎవరూ కొట్టని చెట్టును కొట్టనందుకు జేపీమోర్గన్, డిస్నీ, బ్లాక్‌రాక్ వంటివాళ్ళు డబ్బు కట్టి తమ పొగను కడిగేసుకున్నారు. ఈ లెక్కన మనం పక్కింట్లో చేయని దొంగతనానికి కూడా చార్జి వసూలు చేసుకోవచ్చు.

డబ్బు సంగతి ఇంతటితో చాలు. ఈ కాలపు అసలు బంగారం సమాచారం. దాన్ని పంచుతున్నామని ధర్మసంస్థలు చెప్పుకునే గొప్పలకు అంతులేదు.

పాండా గారి ప్రధాన కార్యాలయం జెనీవా సరస్సు ఒడ్డున గ్లాండ్ అనే ఊళ్ళో. ఐయూసీఎన్ ఉండేదీ ఆ ఊళ్ళోనే. అంతరించే జీవుల రెడ్ లిస్ట్ నడిపేది వాళ్ళు. 1964 నుంచి నడుస్తున్న ఈ జాబితా నిజంగా గొప్ప పని, అందులో నాకు సందేహం లేదు. లక్షా 60 వేలకు పైగా జాతుల్ని పరిశీలించారు. చేసిందెవరు? వేలమంది శాస్త్రవేత్తలు, పక్షిప్రేమికులు, చాలావరకు ఉచితంగా. ఈ జాబితా, దీనికి తోడైన మరికొన్ని సమాచార నిధులు నిలబెట్టడానికి 1979 నుంచి 2013 దాకా దాదాపు 16 కోట్ల డాలర్లు ఖర్చయిందని, దానికి తోడు 293 మనిషి-సంవత్సరాల స్వచ్ఛంద శ్రమ పడిందని శాస్త్రవేత్తలే 2016లో లెక్కతేల్చారు. ఆ శ్రమకు కోటీ 40 లక్షల డాలర్లు విలువ కట్టారు. విలువ కట్టడమే, చెల్లింపు లేదు.

ఈ సమాచారం చదువుకునేవాళ్ళకు ఉచితం, వ్యాపారానికి వాడితే ఐబ్యాట్ అనే సేవకు చందా కట్టాలి. బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్, కన్సర్వేషన్ ఇంటర్నేషనల్, ఐయూసీఎన్, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగపు సమాచార కేంద్రం కలిసి నడుపుతున్నాయి. గని తవ్వే కంపెనీ దగ్గర నాలుగు రాళ్ళు పుచ్చుకుని జాబితాను తాజాగా ఉంచితే తప్పేముంది? నిజమే, తప్పు లేదు. కానీ మన కలివికోడినే చూడండి. 1900 తరవాత ఎవరి కంటా పడని ఆ పక్షిని 1986లో కడప జిల్లా లంకమల దగ్గర రాత్రిపూట దీపం వెలుగులో పట్టింది ఒక స్థానిక వేటగాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ దాన్ని లోకానికి చాటాడు. దాని మంచిచెడ్డల చిట్టా ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో బర్డ్‌లైఫ్ దగ్గర తయారై, రెడ్ లిస్ట్‌లో చేరి, అక్కణ్ణుంచి కంపెనీల బల్లమీదికి వెళుతుంది. వేటగాడి కంటిచూపు, శాస్త్రవేత్త రాతప్రతి, కంపెనీ చందా. ముగ్గురిలో రసీదు ఎవరికి అందిందో వేరే చెప్పనక్కర్లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అనలేదు పెద్దలు.

అంకెల విషయంలో పాండా గారి ఘనకార్యం లివింగ్ ప్లానెట్ రిపోర్ట్. 1998 నుంచి వస్తోంది. 2024 సంచికలో, 1970 నుంచి 2020 దాకా వన్యప్రాణి సమూహాలు సగటున 73 శాతం తగ్గాయన్నారు. మర్నాడు ప్రపంచమంతటా పత్రికల్లో ‘నూటికి 73 జంతువులు మాయం’ అని వచ్చింది. ఆ మాట నివేదికలో లేదు. తిప్పలన్నీ ‘సగటున’ అనే మాటలో ఉన్నాయి. ఉదాహరణకు ఒక అడవిలో 50 నెమళ్ళుండి 5కు పడిపోయాయనుకోండి. ఇంకోచోట 1000 కోతులుండి 1000 గానే ఉన్నాయి. మొత్తం జంతువులు 1050 నుంచి 1005కు తగ్గాయి, అంటే నూటికి నాలుగు కాస్త పైన. ఈ నివేదిక వాడే పద్ధతిలో రెండు సమూహాల సగటు కడితే తగ్గుదల 68 శాతం. 2020 నివేదిక శీర్షికల్లో అచ్చంగా 68 శాతమే ఉందన్నది యాదృచ్ఛికం.

శాస్త్రానికి ఆ పద్ధతి అవసరమే కావచ్చు, అరుదైన నెమళ్ళ గోడు కోతుల గుంపులో వినబడకుండా పోకూడదు కదా. అయితే 2012 నివేదికలో 28 శాతంగా ఉన్న తగ్గుదల 2014లో 52 అయింది. ఆ రెండేళ్ళలో ప్రపంచంలో పావువంతు జంతుజాలం చచ్చిపోలేదు, సగటు కట్టే తీరు మారింది. నివేదికలో ఆ సంగతి రాశారు కూడా, లోపలి పుటల్లో. అట్టమీద 52. 2020లో నేచర్ పత్రికలో కెనడా పరిశోధకులు, అతిగా పడిపోయిన 3 శాతం లోపు సమూహాల్ని పక్కనపెడితే మిగిలినవాటి సగటు తగ్గడం లేదని చూపించారు. అలాగని లోకం పచ్చగా ఉందని కాదు. ఏ సమూహాలు కూలుతున్నాయో, ఎక్కడో, ఎందుకో చెప్పాలి. 73 అనే అంకె కింద చందా పెట్టె పెట్టాక ఆ ‘ఎక్కడ’ అడిగేవాళ్ళు ఉండరు.

పులుల లెక్కా ఇంతే. 2016 ఏప్రిల్‌లో, ఢిల్లీలో పులి దేశాల మంత్రుల సమావేశం ముంగిట, ప్రపంచంలో పులులు 3,890కి పెరిగాయని పాండా గారు ప్రకటించారు. 3,890. దాదాపు నాలుగువేలు అని కూడా కాదు. ఉల్లాస్ కారంత్‌తో సహా నలుగురు పులి శాస్త్రవేత్తలు వెంటనే, ఈ లెక్కలు శాస్త్రబద్ధం కావని చెప్పారు. కాకిలెక్కలని మనవాళ్ళు అంటారు గానీ, పులికి కాకిలెక్క కట్టడం కొత్త.

సమాచారం అంతా బజారులో పెట్టాలని నేననను. 2013లో పన్నా అడవిలో ఒక పులి మెడపట్టీ పంపే జీపీఎస్ వివరాలున్న అధికారి ఈమెయిల్‌ను ఎవరో పుణె నుంచి తెరవబోయారు. పులి ఎక్కడుందో వేటగాడి ఫోనుకు చేరితే చాలు, దాని కథ ముగిసినట్టే. ఇలాంటిచోట దాపరికమే ధర్మం. దాచవలసింది దాచితే ఎవరికీ పేచీ లేదు.

ఇప్పుడు దాచినది చూడండి. నేపాల్‌లో చిత్వన్ నేషనల్ పార్కు పాండా గారు ఏళ్ళ తరబడి అండగా నిలిచిన చోటు. 2006లో అక్కడ ఒక రైతు, ఖడ్గమృగం కొమ్ము దాచాడన్న అనుమానంతో పట్టుబడి, కాపలాదారుల నిర్బంధంలో చనిపోయాడు. కామెరూన్ అడవుల్లో బాకా అనే మూలవాసి తెగ జనాన్ని కాపలాదారులు కొడుతున్నారని ఫిర్యాదులొస్తే, సంస్థే ఒక నిపుణుణ్ణి పెట్టి విచారణ చేయించుకుంది. ఆయన 2015లో నివేదిక ఇచ్చాడు. ఫిర్యాదుల్లో నిజముందన్నాడు. ఆ నివేదిక పులిబొమ్మల పుస్తకంలోకి ఎక్కలేదు. నాలుగేళ్ళు సొరుగులో పడుకుంది. 2019లో బజ్‌ఫీడ్ న్యూస్ పత్రికవాళ్ళు నేపాల్ నుంచి కాంగో దాకా వరసగా కథనాలు రాసేదాకా చందా కట్టిన పంతులమ్మకు ఈ పని గురించి ‘ప్రజా విజ్ఞానం’ అందలేదు. ఆమెకు ఏటా వచ్చే ఉత్తరాల్లో కొమ్ము కోసిన ఖడ్గమృగం ఉంది, ఆ కొమ్ము పేరిట చచ్చిన రైతు లేడు.

అప్పుడు విచారణ సంఘం వేశారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మాజీ కమిషనర్ నవీ పిళ్ళై అధ్యక్షురాలు. 2020 నవంబరులో నివేదిక వచ్చింది. సంస్థ సిబ్బంది దౌర్జన్యాలు చేయించారనడానికి గానీ, పాల్గొన్నారనడానికి గానీ ఆధారాలు లేవంది. ఆ మాట ఒప్పుకోవాలి. మానవ హక్కుల గురించి తాను రాసుకున్న హామీలను సంస్థ నిలబెట్టుకోలేదని కూడా అదే నివేదిక చెప్పింది. మూలవాసుల హక్కులపై పాండా గారి విధానపత్రం 1996 నాటిది. పత్రం మాత్రం భద్రంగా ఉంది, సంరక్షణ అంటే ఇదే. తప్పెవరిదని అడిగితే, కాపలాదారులు ఆయా ప్రభుత్వాల ఉద్యోగులు, మావాళ్ళు కారు అన్నారు. ఇక్కడే ఒక వింత. పులులు పెరిగితే వందదేశాల్లో విస్తరించిన మా కుటుంబం చేసిన ఘనత. మనుషులకు దెబ్బలు తగిలితే ప్రతి దేశంలో ప్రతి శాఖా వేరు, ప్రభుత్వం మరీ వేరు. ఒకే కాపలాదారు బూట్లు కొనిచ్చినప్పుడు మావాడు, ఆ బూటుతో తన్నినప్పుడు పైవాడు. 2020లో అమెరికా ఇంటీరియర్ శాఖ ఈ గొడవల వల్ల పాండా గారికీ మరికొన్ని సంస్థలకూ పోవలసిన కోటీ 20 లక్షల డాలర్లకు పైగా నిధులు ఆపేసింది. డబ్బు ఆగినప్పుడు బాధ ఎంత స్పష్టంగా వినబడుతుందో!

నా పేచీ అంతా ఒక్కటే. పదమూడు దేశాల్లో పులుల్ని ఒకట్ల స్థానం దాకా లెక్కపెట్టగల సంస్థ, తన డబ్బుతో తిరిగే కాపలాదారుల చేతిలో దెబ్బలు తిన్న మనుషులెందరో లెక్కపెట్టుకోలేకపోయింది. లెక్కపెట్టినచోట సొరుగులో వేసింది. పులి ఉన్నచోటు దాచడానికి కారణముంది. ఇది దాచడానికి ఉన్న కారణం పేరు ప్రతిష్ఠ ఒక్కటే. మల్లయోధుల మీద కోర్టుకెక్కినప్పుడు చూపిన చురుకు బాకా ఫిర్యాదుల మీద కనబడి ఉంటే, ఏ విచారణ సంఘమూ అక్కర్లేకపోయేది. విచారణ తరవాత కొత్త ఫిర్యాదుల పెట్టెలు, కొత్త మానవ హక్కుల పుటలు వచ్చాయి. మంచిదే. వాటిలో ఎన్ని ఫిర్యాదులు పడ్డాయో, ఎన్ని తేలాయో, ఎవరికి నష్టపరిహారం అందిందో గుండ్రటి పటంలో ఒక ముక్కగా, అదీ పచ్చముక్క పక్కనే, చూపించాలి. రంగు వాళ్ళిష్టం.

అడవులకు డబ్బు కావాలి, చందాలు మానేయమని నేను చెప్పను. మాల్ గుమ్మం దగ్గర చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని, మెడలో ఏదో ఒక జంతువు బొమ్మ వేసుకుని ఎదురొచ్చే కుర్రాళ్ళ మీద విసుక్కోకండి. వాళ్ళు కమీషన్ మీద ఎండలో నిలబడ్డవాళ్ళు. వాళ్ళిచ్చే నివేదికను పులిబొమ్మల వైపు నుంచి కాక వెనక పుటల నుంచి చదవండి. ప్రజా విజ్ఞానం పద్దు ఎంతో, పోయిన ఏడు ఆ సంస్థ మీద వచ్చిన ఫిర్యాదులు ఎన్నో, రాయించుకుని ప్రచురించని నివేదికలు ఏమైనా ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక కార్డు బయటికి తీయండి.